గులాబీ చీటీ

ఆ బడిలో పిల్లలు ప్రిన్సిపాల్ మేడమ్‌కి భయపడేవారు కాదు. పరీక్షలకు కూడా అంతగా భయపడేవారు కాదు. వాళ్ల భయమంతా శాతం మాస్టారంటేనే. ఆయన బెత్తం పట్టిన మనిషి కాదు, గొంతు పెంచి మాట్లాడిన మనిషీ కాదు. మెట్ల కింద గదిలో కూర్చుని చీటీలు ఇస్తాడు. అంతే.

పన్నెండో తరగతి పిల్లలు ఏ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి, పెట్టుకుంటే సీటు వచ్చే అవకాశం నూటికి ఎంత అన్నది లెక్కగట్టి చెప్పడం ఆయన పని. ఒకప్పుడు లెక్కల పాఠం చెప్పేవాడు. పదకొండేళ్ల కిందట యాజమాన్యం ఆయన్ని ఈ గదిలో కూర్చోబెట్టింది. పైన మెట్ల వాలు తలకు తగలకుండా వంగి లోపలికి రావాలి. వచ్చేవాళ్లు ఎలాగూ వంగే వస్తారు కాబట్టి ఆ వాలు గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

గదిలో ఒక రేకు బీరువా. అందులో గడిచిన ఏళ్లవి, ఏడాదికొకటి చొప్పున పదకొండు పొడుగాటి పుస్తకాలు. ఈ ఏడాదిది బల్ల మీద. ఒక్కో పిల్లకు ఒక్కో వరస, వరసకు ఆరు గళ్లు. మార్కులు, ప్రవేశ పరీక్ష, టీచర్ల మాట, ఇంటర్న్‌షిప్, ఇల్లు. ఇల్లంటే తల్లిదండ్రుల చదువూ హోదా. ఆరోది ఫలితం, అది ఎర్ర సిరాతో. మొదటి అయిదూ కూడి, పాత ఏళ్ల ఫలితాలతో సరిచూసి, మాస్టారు ఒక శాతం తేలుస్తాడు. యాభై దాటితే ఆకుపచ్చ చీటీ: పెట్టుకో. దాటకపోతే గులాబీ చీటీ: వద్దు.

గులాబీ వచ్చినవాళ్లకు ఆయన సిఫారసు ఉత్తరం రాయడు. బడి ఉత్తరం లేనిదే ఏ పెద్ద విశ్వవిద్యాలయం దరఖాస్తు ముట్టుకోదు. కనక గులాబీ చీటీ అంటే అక్కడితో ఆగిపోవడమే. అది కఠినం అని మాస్టారు ఎన్నడూ అనుకోలేదు, దయ అనుకున్నాడు. మొదటి ఏడాది తొలి విడత దరఖాస్తులప్పుడు ఒక కుర్రాడికి ఏ లెక్కా చూడకుండా "పెట్టరా, చూద్దాం" అన్నాడు. రాలేదు. వాడి తండ్రి ఇదే గదిలో నిలబడి, "ఆశపెట్టి చంపారు కదండీ మావాణ్ణి" అని ఏడ్చాడు. ఆ ఏడుపు మాస్టారి చెవుల్లోంచి పోలేదు. లేని ఆశ పెట్టకూడదని ఆవేళ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులోంచే చీటీలు పుట్టాయి.

బడి గేటు మీద ఒక బోర్డు ఉంది. 'మా పిల్లల్లో నూటికి తొంభై నాలుగు మందికి కోరుకున్న చోట సీటు'. ఆ బోర్డు చూసే తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి చేర్చేవారు. చదివే మీరైనా, రాసే నేనైనా అలాంటి బోర్డు కింద ఒక్క క్షణం ఆగి, ఆ నూరుమందీ ఎవరని అడిగి ఉండం. మాస్టారూ అడగలేదు.

ఆ ఏడాది చీటీలిచ్చే రోజున ఒక పిల్ల తల్లితో కలిసి వచ్చింది. తల్లిది వీధి చివర ఇస్త్రీ షాపు. ముంజేతి మీద పెట్టె అంచు ఆకారంలో పాత కాలిన మచ్చ. పిల్లను తోటిపిల్లలు ఎందుకమ్మ అంటారు. దేనికైనా "ఎందుకు" అననిదే ఊరుకోదు కాబట్టి.

మాస్టారు చీటీ మడిచి ఇచ్చాడు. పిల్ల విప్పి చూసింది. గులాబీ.

"నూటికి తొమ్మిది," అన్నాడు మాస్టారు, మెత్తగా.

"ఎందుకు సార్?"

"ఊరికే పెట్టలేదు నీకా పేరు. ఇదిగో చూడు. మార్కులు బాగున్నాయి, పరీక్ష బాగుంది, టీచర్లు మంచిమాటే రాశారు. ఇంటర్న్‌షిప్ సున్నా. ఇల్లు సున్నా."

తల్లి పక్కన నిలబడి ఉంది. ఇల్లు సున్నా అన్నప్పుడు ఆమె కొంగు సర్దుకుంది. మాస్టారు అది చూశాడు గాని పట్టించుకోలేదు.

"ఇంటర్న్‌షిప్ దొరికితే ఎంతవుతుంది సార్?"

"పదిహేడు. కానీ ఎక్కడ దొరుకుతుంది? మన బడికి ఎనిమిది చోట్లే ఉన్నాయి. బ్యాంకు, లాయరు గారి ఆఫీసు, ఆ పెద్ద ల్యాబూ... అవన్నీ పిల్లల తండ్రులు మాట సాయం చేసి ఇప్పించినవి. ఆకుపచ్చ వచ్చినవాళ్లకే ఇస్తాం."

"ఇంటర్న్‌షిప్ ఉంటేనే కదా సార్ చీటీ ఆకుపచ్చ అయ్యేది?"

 మాస్టారు బదులిచ్చేలోగా తల్లే అందుకుంది. "పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లవదు అన్నట్టుందే ఇది!" అని నవ్వేసి, నవ్వినందుకు తనే భయపడి, "తప్పుగా అనుకోకండి సార్. మీరు చెప్పారంటే అంతే. పదవే," అని పిల్ల భుజం పట్టుకుంది.

"ఇలాంటి ఇళ్ల నుంచి ఇన్నేళ్లలో ఒక్కరికీ రాలేదమ్మా," అన్నాడు మాస్టారు. ఓదార్పుగానే అన్నాడు. "పుస్తకంలో ఉంది. నేను అబద్ధం చెప్పను."

రెండు వారాలు తిరక్కుండా ఎందుకమ్మ మళ్లీ వంగి గదిలోకి వచ్చింది, చేతిలో ఒక ఫారంతో.

"ఇంటర్న్‌షిప్ దొరికింది సార్."

"ఎవరు ఇప్పించారు?"

"నేనే వెతుక్కున్నాను. పంతొమ్మిది చోట్లకి వెళ్లాను సార్. ఒకాయన లోపలికి రమ్మని టీ కప్పులు కడగమన్నాడు. ఒకావిడ మీ నాన్న కార్డు ఇవ్వు అంది. మా నాన్న తాపీ పని చేస్తాడు, కార్డుండదు, కావాలంటే తాపీ తెస్తానన్నాను. బయటికి పొమ్మంది. ఇరవయ్యో చోట ఒప్పుకున్నారు. ఆసుపత్రి మెషీన్లు బాగుచేసే షాపు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు."

బడి తరఫున ఎవరైనా ఆ చోటు చూసి సంతకం పెడితేనే ఇంటర్న్‌షిప్ లెక్కలోకి వస్తుంది. ఆ ఎవరైనా మాస్టారే. మెషీన్లు బాగుచేసే షాపంటే స్క్రూలు ఏరుకునే పనేగా, ఒకసారి చూసొచ్చి వద్దంటే సరిపోతుంది అనుకుంటూ మర్నాడు సాయంత్రం బయల్దేరాడు.

షాపు ఒక పాత గోడౌన్‌లో ఉంది. గోడ పొడుగునా బల్లలు. బల్లల మీద మూతలు తీసిన యంత్రాలు. రోగి రక్తంలోకి మందును చుక్క చుక్కగా పంపే పంపులు, అప్పుడే పుట్టిన పసిగుడ్లను వెచ్చగా ఉంచే పెట్టెలు, గాలి అందనివాళ్లకు గాలి అందించేవి. ప్రతి దాని పక్కనా ఒక చిన్న ట్రే. ట్రేలో విప్పిన స్క్రూలు, విప్పిన వరసలోనే. ఎందుకమ్మ ఒక పంపు ముందు కూర్చుని, గంటలో ఎంత నీరు దిగిందో కొలజాడీలో చూసి కాగితం మీద రాస్తోంది. మాస్టారిని చూసి లేచింది.

లోపలి నుంచి పాతికేళ్ల మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. రెండు క్షణాలు మాస్టారి ముఖంలోకి చూశాడు.

"సార్! శాతం సార్!" అన్నాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు. "క్షమించండి సార్. చిన్నప్పటి అలవాటు. నేను సార్, స్క్రూగాణ్ణి. గుర్తున్నానా? ల్యాబులో గడియారం విప్పేసి దొరికిపోయినవాణ్ణి."

మాస్టారికి గడియారం గుర్తొచ్చింది. ముఖం గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టే నవ్వాడు.

మెకానిక్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, షాపంతా చూపించాడు. ఒక పంపు మూత తీసి, "దీని రబ్బరు వేడికి సాగుతుంది సార్. అప్పుడు మందు లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతోందో రెండేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. నేను ఇక్కడ చిన్న పట్టీ వేశాను. ఇప్పుడు దాన్ని తయారుచేసేవాళ్లే మనుషుల్ని పంపి చూసి వెళ్తున్నారు," అన్నాడు. గొప్ప చెప్పుకున్నట్టు లేదు. వంట బాగా కుదిరిందని చెప్పినట్టుంది.

"మరి ఇంకేం!" అన్నాడు మాస్టారు.

"ఇంకేం లేదు సార్. కానీ నా సంతకం చెల్లదు. డిగ్రీ లేదుగా. బాగుచేసింది నేనైనా, ఇది పనికొస్తుందని డిగ్రీ ఉన్నాయన సంతకం పెట్టాలి. నెలకోసారి వస్తాడు. మంచివాడే పాపం. మూత కూడా తియ్యడు."

అంటూ పనిముట్ల బీరువా తలుపు తెరిచాడు. తలుపు లోపలి వైపు ఒక చీటీ అంటించి ఉంది. రంగు వెలిసిపోయింది గాని గులాబీ అని తెలుస్తోంది. మాస్టారి దస్తూరీ. నూటికి పదకొండు.

"రోజూ చూస్తాను సార్," అన్నాడు మెకానిక్. "మీకు దండం పెట్టాలని ఎన్నాళ్లనుంచో ఉంది. ఆరోజు మీరు ఉన్నదున్నట్టు చెప్పకపోతే నేను ఊరికే ఆశపడి పాడైపోయేవాణ్ణి. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, ఆ సారు దేవుడురా, నిజం చెప్పాడు అని."

మాస్టారి గుండె నిండిపోయింది. ఉపాధ్యాయుడికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఒక్కటి అడగనా సార్? నాలాగే గులాబీ వచ్చి, అయినా మొండికేసి దరఖాస్తు పెట్టినవాళ్లు ఉంటారు కదా. వాళ్లకి వచ్చిందా?"

"రాలేదు," అన్నాడు మాస్టారు ధీమాగా. "ఒక్కరికీ రాలేదు. పుస్తకంలో ఉంది."

మెకానిక్ హాయిగా ఊపిరి వదిలాడు. "అదీ సార్. అది చాలు. పెట్టి ఉంటే వచ్చేదేమో అని అప్పుడప్పుడూ మనసు పీకుతుంది. ఇక పీకదు."

పంపు దగ్గర్నుంచి ఎందుకమ్మ తల ఎత్తింది. "ఎంతమంది పెట్టారు సార్?"

"ఏంటి?"

"గులాబీ వచ్చీ పెట్టినవాళ్లు. ఎంతమంది పెడితే ఒక్కరికీ రాలేదు?"

మాస్టారు జేబులోంచి కలం తీశాడు.  "చూసి చెప్తాను," అని ఫారం మీద సంతకం పెట్టి లేచాడు.

మర్నాడు పొద్దున్న గంట కొట్టకముందే వచ్చి బీరువా తెరిచాడు. పిల్లకు జవాబు చెప్పాలి, అంతే అనుకున్నాడు. మొదటి పుస్తకం తీశాడు. గులాబీ వరసల్లో ఫలితం గడి చూశాడు. ఎర్ర సిరాతో చిన్న అడ్డగీత. రెండో పుస్తకం. అడ్డగీత. నాలుగో పుస్తకంలో స్క్రూగాడి వరస. ఇల్లు సున్నా, ఇంటర్న్‌షిప్ సున్నా, అడ్డగీత. పదకొండు పుస్తకాల్లో నూట నలభై మూడు గులాబీ వరసలు, నూట నలభై మూడు అడ్డగీతలు.

అడ్డగీత అంటే ఏంటి?

ఆ ప్రశ్న వేసుకున్న క్షణాన ఆయన చెయ్యి పేజీ మీద అలాగే ఆగిపోయింది. మొదటి ఏడాది ఆ గీత ఎందుకు గీశాడో గుర్తొచ్చింది. వీళ్లు పెట్టలేదు కనక రాయడానికేం లేదని గీశాడు. ఖాళీగా ఉంటే పేజీ బాగుండదని గీశాడు. రెండో ఏడాది శాతాలు సరిచూసేటప్పుడు, వచ్చినవాళ్లు ఎందరని లెక్కపెట్టి, మిగతావాళ్లందరినీ రానివాళ్ల కింద వేశాడు. గీతలన్నీ రానివాళ్ల వైపు పోయాయి. ఇస్త్రీ షాపుల పిల్లలు, తాపీమేస్త్రీల పిల్లలు, ఇంటర్న్‌షిప్ ఇప్పించే దిక్కులేని పిల్లలు, ఇలాంటి ఇళ్ల నుంచి ఒక్కరికీ రాలేదని తేలింది. తేలింది కనక మూడో ఏడాది ఆ ఇళ్ల పిల్లలకు శాతం ఇంకా తగ్గింది. తగ్గింది కనక ఇంకా ఎక్కువ గులాబీలు. ఇంకా ఎక్కువ గీతలు. ఏటేటా లెక్క బిగిసింది. ఏటేటా ఆయన అంచనా తప్పలేదు. ఎలా తప్పుతుంది? తప్పని చూపించగలిగిన ప్రతి పిల్లనీ ఆయనే గుమ్మంలో ఆపేశాడు.

ఉత్తరాల పుస్తకం తీసి చూశాడు. గులాబీ వచ్చినవాళ్లలో ఆయన ఉత్తరం రాసింది ఎంతమందికి? ఒక్కరికీ లేదు. ఎంతమంది పెట్టారు? సున్నా.

గంట కొట్టారు. మెట్ల మీద పిల్లలు దబదబ పరిగెత్తారు. ఆ చప్పుడంతా ఆయన నెత్తి మీదుగానే పోయింది. పదకొండేళ్లుగా పోతూనే ఉంది.

ఆరోజు మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వెళ్లి, కంచం ముందు కూర్చుని, భార్యకు సంగతంతా చెప్పాడు. ఆమె చదువు అయిదో తరగతితో ఆగింది. లెక్కల సంగతి నాకేం తెలుసు అంటూనే మొత్తం విన్నది.

"అంటే ఎసరే పెట్టకుండా, అన్నం ఉడకలేదని పొయ్యిని తిట్టారన్నమాట," అంది.

ఆయన కంచం పక్కకు జరిపాడు.

"మిమ్మల్ని తిట్టడం కాదులెండి నేను," అంది ఆమె గొంతు తగ్గించి. "కానీ నన్నొకటి అడగనివ్వండి. ఆ నూట నలభై ముగ్గురిలో ఒక్కరైనా మీ మీదికి తగువుకొచ్చారా?"

"లేదు."

"దండం పెట్టారా?"

"పెట్టారు. అందరూ పెట్టారు."

"అదే మరి," అని ఆమె లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. అదే మరి అంటే ఏంటో ఆమె చెప్పలేదు.  అయినా ఆయనకు తెలిసింది. సున్నా వేయించుకున్న ఇల్లు తిరగబడదు. కొంగు సర్దుకుని, మీరు చెప్పారంటే అంతే అంటుంది.

సాయంత్రం గోడౌన్ వైపు బయల్దేరాడు. మూడుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుందామా అనుకున్నాడు. నాలుగోసారి లోపలికి వెళ్లాడు.

మెకానిక్ ఒక పెట్టె మూత బిగిస్తున్నాడు. ఎందుకమ్మ తన కొలజాడీ దగ్గర ఉంది.

"నిన్న నీతో చెప్పింది నిజం కాదు," అన్నాడు మాస్టారు నిలబడే. "గులాబీ వచ్చి పెట్టినవాళ్లు లేరు. ఒక్కరూ లేరు. నేనెవరినీ పెట్టనివ్వలేదు. పెట్టనివాళ్లని రానివాళ్లుగా లెక్కేశాను. నీకు పదకొండు అని ఎలా వచ్చిందో... అది కాకిలెక్క."

మెకానిక్ స్క్రూ తిప్పడం ఆపలేదు. అది బిగిసేదాకా తిప్పాడు. ఆ తర్వాత స్క్రూ డ్రైవర్ ట్రేలో పెట్టాడు, దాని చోట దాన్నే.

"అయితే నాకు వచ్చేదా సార్?"

"తెలీదు."

"రాకపోయేదా?"

"అదీ తెలీదు. ఎప్పటికీ తెలీదు. ఆ తెలిసే దారే నేను లేకుండా చేశాను."

"ఎనిమిదేళ్లు సార్," అన్నాడు మెకానిక్. గొంతులో కోపం లేదు. "రాదని తెలుసు కదా అనుకుని నిద్రపోయాను."

తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది అనుకున్నాడు మాస్టారు.  మెకానిక్ బీరువా దగ్గరికి వెళ్లి, గోటితో నెమ్మదిగా, చిరక్కుండా ఆ చీటీని ఊడదీశాడు. తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు.

"ఇది మీ దగ్గరుండాలి సార్."

ఎందుకమ్మ తల దించుకుని జాడీలో నీటినే చూస్తోంది. ఆ పిల్ల ఎందుకని అడగని రోజు అదొక్కటే.

సిఫారసు ఉత్తరాలకు గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ ఏడాది గులాబీలు పదహారు. మాస్టారు పదహారు ఉత్తరాలూ రాసి, బడి ముద్ర కోసం ప్రిన్సిపాల్ మేడమ్ ముందు పెట్టాడు.

"మాస్టారూ, ఆరోగ్యం బాగానే ఉందా?" అంది ఆమె. "వీళ్లందరూ పెడితే గేటు మీద తొంభై నాలుగు ఎక్కడుంటుంది?"

"ఎక్కడుండాలో అక్కడుంటుంది మేడమ్."

"బోర్డు చూసి పిల్లలు వస్తారు. పిల్లలొస్తేనే మీ జీతం, నా జీతం. బడిని కాపాడాల్సిన మీరే ఇలా చేస్తే, కంచే చేను మేసినట్టు కాదా?"

"మేశాను మేడమ్," అన్నాడు మాస్టారు. "పదకొండేళ్లు మేశాను. చేనంటే బోర్డనుకున్నాను. పిల్లలు కదా చేను."

 ఆమె చెడ్డ మనిషి కాదు. బోర్డు పెట్టించిననాడు అది సగం నిజమేనని ఆమెకూ తెలీదు. చివరికి ముద్ర పెట్టె ముందుకు తోసింది. "ముద్ర మీరే వేసుకోండి. రేపు తల్లిదండ్రుల సమావేశంలో కూడా మీరే చెప్పుకోండి. నాకు నోరు రాదు."

సమావేశానికి హాలు నిండింది. ముందు వరసల్లో ఆకుపచ్చ చీటీల తల్లిదండ్రులు. వెనక, గోడకు ఆనుకుని మిగతావాళ్లు. ఎవరూ అలా కూర్చోమనలేదు. కూర్చున్నారు. తలుపు పక్కన మెకానిక్ నిలబడి ఉన్నాడు. పిలిచింది మాస్టారే, వస్తాడనుకోలేదు.

మాస్టారు జేబులోంచి వెలిసిపోయిన చీటీ తీసి పైకెత్తాడు.  

"ఇది ఎనిమిదేళ్ల కిందట నేనిచ్చిన చీటీ. ఈ ఏడాదివి కాక ఇలాంటివి నూట నలభై మూడు ఇచ్చాను. ఇవన్నీ తప్పు," అని మొదలుపెట్టి, ఎసరు పెట్టకుండానే అన్నం ఉడకలేదన్న సంగతి, అడ్డగీతల సంగతి, ఇల్లు అనే గడి సంగతి, ఇంటర్న్‌షిప్‌లు ఎవరికి దక్కాయో ఆ సంగతి, ఒక్కొక్కటీ దాచకుండా చెప్పాడు. "గేటు మీద బోర్డు అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం గులాబీ చీటీల్లో ఉంది. రేపటి నుంచి బోర్డు మీద ఇంకో వరస ఉంటుంది, ఎంతమందిని మేం ఆపామో. అది సున్నా అయ్యేదాకా నేను ఆ గదిలో ఉంటాను."

ముందు వరసలో ఒకాయన లేచాడు. "బాగానే ఉందండీ. అందర్నీ పెట్టించి మా పిల్లల సీట్లకి పోటీ పెంచుతారన్నమాట!"

"అవునండీ," అన్నాడు మాస్టారు. "ఇన్నేళ్లూ మీ పిల్లలకి పోటీ తగ్గించిపెట్టాను. ఆ సంగతి నాకే తెలీదు. మీ పిల్లల్ని అడగండి, అలా గెలవడం వాళ్లకిష్టమేనా అని."

లేచినాయన కూర్చున్నాడు. వెనక నుంచి ఇస్త్రీ షాపు తల్లి చెయ్యెత్తింది. లేచి నిలబడితే మాట పోతుందేమోనని కూర్చునే అడిగింది.

"అయితే మా పిల్లకి వస్తుందా సార్?"

"తెలీదమ్మా," అన్నాడు శాతం మాస్టారు.

పదకొండేళ్లలో ఆయన ఆ మాట ఒక తల్లితో అనడం అదే మొదలు. ఆమె తల ఊపింది. కొంగు సర్దుకోలేదు.

సమావేశం అయ్యాక మెకానిక్ ఆయన దగ్గరికి వచ్చాడు. "సాయంత్రం కోర్సులు ఉంటాయట కదా సార్, పని చేసుకునేవాళ్లకి."

"ఉంటాయి. ఉత్తరం రాసి ఉంచాను," అన్నాడు మాస్టారు. మెకానిక్ తీసుకున్నాడు. దండం పెట్టలేదు. అందుకు మాస్టారు లోపల్లోపల సంతోషించాడు.

ఫలితాలు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. పదహారు మందిలో అయిదుగురికి వచ్చింది. అందులో ఒకడికి మాస్టారు వేసింది నూటికి నాలుగు. పదకొండు మందికి రాలేదు. గేటు మీద తొంభై నాలుగు కాస్తా డెబ్భై ఒకటి అయింది. ప్రిన్సిపాల్ మేడమ్ పెయింటర్‌తో అంకెలు మార్పిస్తూ, "పోనీలెండి, అంకె చిన్నదైతే దుమ్ము తక్కువ పడుతుంది," అంది.

ఎందుకమ్మ వంగి గదిలోకి వచ్చింది. ముఖం చూడగానే మాస్టారికి తెలిసిపోయింది. పాత ఏడుపు, ఆ మొదటి ఏడాది తండ్రి ఏడుపు, మళ్లీ చెవుల్లో మోగింది.

"పెద్దదాంట్లో రాలేదు సార్. రెండోదాంట్లో వెయిటింగ్ లిస్టులో ఉన్నాను. పన్నెండో నంబరు."

  "లేని ఆశ పెట్టానేమో నీకు," అన్నాడు మాస్టారు.

ఆ పిల్ల కళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఏడ్చే వచ్చింది. కానీ బల్ల మీదికి వంగి, తెరిచి ఉన్న పుస్తకంలో తన వరస వెతికి, చివరి గడి మీద వేలు పెట్టింది.

"రాయండి సార్. రాలేదు అని రాయండి. గీత మాత్రం గియ్యకండి."

మాస్టారు ఎర్ర సిరా కలం తీశాడు. ఆ బడిలో, అలాంటి ఒక ఇంటి నుంచి వచ్చిన పిల్ల పేరు ఎదురుగా, మొట్టమొదటిసారి 'రాలేదు' అనే మాట నిజంగా రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన తల దించుకునే ఉన్నాడు. తలెత్తేసరికి ఆ పిల్ల, "నాలుగైంది సార్, పంపు చూడాలి," అని వెళ్లిపోయింది.

ఆయన ఆ పుస్తకం మొదటి పేజీ తిప్పి, తర్వాత ఆ గదిలో కూర్చోబోయే మనిషి కోసం ఒక్క వాక్యం రాసిపెట్టాడు. అది ఆయనకు సిగ్గు నేర్పిన పాఠం, మనలో చీటీలు ఇచ్చే ప్రతి ఒక్కరికీ వర్తించే పాఠం: నీకు చోటు లేదని చెప్పే హక్కు ఆ తలుపు అవతలివాళ్లకు ఉంటే ఉండొచ్చు, తలుపు దాకా పోవద్దని చెప్పే హక్కు మాత్రం మనకెవరికీ లేదు.